పాల చుట్టరికం

“నోరు మూసుకొని ఉంటే ఏం పోయిందే అవ్వా? పోయినవు, పసుపు పెట్టినవు, బిర్యానీ తిన్నవు. చెయ్యి కడుక్కొని లేసి రావాలె గద! ఆ పాత ముచ్చట నిన్నెవడు అడిగిండు?”

కొడుకు బాలరాజు గొంతు వాకిలి దాటి వీధిలోకి పోతోంది. కళ్యాణి గబగబా వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

భూదవ్వ బీడీలు చుట్టడానికి కూర్చుంది. ఒడిలో చాట ఉంది, చాటలో కత్తిరించిన తునికాకులు ఉన్నాయి. ఒక ఆకు తీసుకుని తంబాకు పోసింది గానీ చుట్టడానికి వేళ్లు ఒప్పుకోలేదు. తంబాకు జారి చీర కుచ్చిళ్ల మీద రాలింది.

“అత్తమ్మ ప్రేమతోనే అన్నది గద,” అంది కళ్యాణి. “సాయబుల కట్టుబాట్లు ఆమెకేం తెలుసు?”

“నువ్వు సప్పుడు చెయ్యకు. బుర్హాన్ సేటు పొద్దున నేను నడిపే బండి తాళాలు ఇయ్యలే. ‘ఇవాళ వద్దులే’ అన్నడు. వద్దులే అంటే ఏందో తెలుసా నీకు?”

“తెల్వదు. పొద్దటిసంది నువ్వు చెప్తనే ఉన్నవు, నాకు తెలుస్తనే లేదు.”

ఇంకో రోజైతే భూదవ్వ ఆ మాటకు నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు.

మొన్న సాయంత్రం ఎల్లారెడ్డిలో బుర్హాన్ కూతురు రుఖియాకు మాంజా చేశారు. పెళ్లిపిల్లకు పసుపు పూసి, పసుపు బట్టలు కట్టి లోపల కూర్చోబెట్టే వేడుక అది. ఆదివారం నిఖా. పెళ్లికొడుకు యూనుస్ పరాయివాడు కాదు, బుర్హాన్ చెల్లెలు షాహెదా కొడుకే. కామారెడ్డిలో ఉంటారు.

రుఖియా పుట్టిన నెలకే తల్లి జ్వరంతో పోయింది. అదే నెలలో అప్పట్లో పక్కింట్లో ఉండే భూదవ్వ తన ఆడపిల్లను మట్టిలో పెట్టి వచ్చింది. రొమ్ములు రాళ్లై, రవిక తడిసి, గోడకు తల ఆనించి కూర్చున్న భూదవ్వ ఒడిలో రుఖియాను పెట్టింది నాయనమ్మ జైతూన్‌బీ. ఆ సంగతి వాడంతా ఎరుగుదురు. అందుకే మాంజాలో మొదటి పసుపు భూదవ్వ చేతే పెట్టించారు.

ఆ సంతోషం ఆమె పట్టలేకపోయింది. పసుపు చేతులు చూసుకుంటూ, నవ్వుతూ అనేసింది.

“ఈ పిల్ల ఒక్కతేనా? మీ పెండ్లికొడుకు సుత నా రొమ్ము తాగినోడే! ఇద్దరు నా పిల్లలే. ఇగ నేను ఎవరి దిక్కు కూసోవాలె?”

తమ వాళ్లలో అయితే ఆ మాట మీద ఇంకో పాట ఎత్తుకునేవాళ్లు. అక్కడ మాత్రం డోలక్ ఆగిపోయింది. జైతూన్‌బీ వేళ్ల మధ్య తస్బీ పూసలు ఆగిపోయాయి. “ఎప్పుడు?” అని ఒక్క మాట అడిగింది ముసలామె. భూదవ్వ చెప్పింది. చెబుతూ ఉండగానే ఎదురుగా ఉన్న ముఖాలు ఒక్కొక్కటే రంగు మారాయి. షాహెదా లేచి వెళ్లిపోయింది. పసుపు గిన్నె ఎవరో ఎత్తి అవతల పెట్టేశారు.

తాను అన్నదాంట్లో తప్పేమిటో భూదవ్వకు ఆ రాత్రి దాకా తెలియలేదు.

* * *

వీధిలో ఆటో ఆగింది. నల్ల బుర్ఖాలో షాహెదా దిగి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. కళ్యాణి ఇచ్చిన నీళ్ల చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది.

“అక్కా, ఒక్క మాట అడుగనీకి వచ్చిన. సీసాపాలు అను.”

“ఏంది?”

“యూనుస్‌కు సీసాతోని తాపిన, మేకపాలు తాపిన, ఏదో ఒకటి అను. మొన్న ముచ్చటకు అన్న అను. నిన్ను ఎవరు తిట్టరు.”

భూదవ్వ చాట పక్కన పెట్టింది. “షాహెదా, ఆ పొద్దు నీకు రొమ్ము గడ్డలేసి కామారెడ్డి దవాఖానకు తీస్కపోయిండ్రు. మీ అమ్మ సుత నీతోనే వచ్చింది. పిల్లగాడు ఏడ్చి ఏడ్చి నీలం అయిండు. నా ఒడిల బాలరాజు ఉండె. మా అత్త చూస్తే చంపుతదని గోడ ఎనకకు పోయి…”

“చెప్పకు!” షాహెదా రెండు చెవులూ మూసుకుంది. చెంబు కింద పడి నీళ్లు గచ్చు మీద పారాయి. “నాకు చెప్పకు. నేనింటే నాక్కూడ తెలిసినట్టు అయితది. నేను ఇనలే. నేను ఏం ఇనలే.”

కళ్యాణి వంగి చెంబు తీసింది.

“చిన్నమ్మా, ఏమనుకోకు. నాకు సమజ్ కాక అడుగుతున్న,” అంది కళ్యాణి. “మేనత్త కొడుకును చేసుకోవచ్చు గానీ, పాలు తాగితే వద్దా?”

“వద్దు బిడ్డా. మా దాంట్ల రక్తం ఎట్లనో పాలు అట్లనే. ఒక్క తల్లి రొమ్ము తాగిన ఇద్దరు అన్నాచెల్లెండ్లే. ఆ తల్లి ఎవరైన గానీ, ఏ మతమైన గానీ. తెలిసి నిఖా చేస్తే హరాం. పుట్టే పిల్లల దాకా ఆ పాపం పోతది.”

“మరి తెలిసి ఎట్ల చేస్తవు?” అన్నాడు బాలరాజు. అప్పటిదాకా అరిచిన గొంతు ఇప్పుడు తగ్గింది.

షాహెదా అతని వైపు చూడలేదు. భూదవ్వ మోకాళ్ల దగ్గర కూలబడింది.

“రుఖియా తల్లి లేని పిల్ల. నువ్వే తల్లివి. పసుపు పెట్టినంక పెండ్లి ఆగితే లోకం ఊకుంటదా? పిల్లకు ఏం లోపం ఉన్నదో అంటరు. యూనుస్ మొన్నటిసంది అన్నం ముట్టలే. అక్కా, ఇవాళ సాయంత్రం అసర్ నమాజు ముందుగాల మా మసీదు ఇమాంసాబ్ వస్తడు. నిన్ను పరదా ఎనక కూసోబెట్టి అడుగుతడు. ఒక్కసారే అడుగుతడు. ఆ ఒక్కసారి…”

ఆమె మాట పూర్తి కాకముందే వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది. వెనక ఇంకొకటి. మొబైల్ షాపు ఆకాశ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. బుర్ఖాను చూసి ఆగాడు.

“ఓ, ఈడిదాకా వచ్చిండ్రా? ఏం పెద్దవ్వా, బెదిరిస్తుండ్రా నిన్ను?”

“ఎవరు బెదిరిస్తలేరు. నువ్వు పోరా,” అంది భూదవ్వ.

“పోవుడు కాదు. నీ పాలు తాగిండని వాళ్ల పెండ్లి చెడిపోయిందట గద! మన పాలు తాగితే మైలనా వాళ్లకు? పాలిచ్చి బతికిస్తే గిదా మర్యాద?”

“మైల కాదురా అయ్యా. నన్ను తల్లి అంటుండ్రు. తల్లిని అయిన గాబట్టే…”

“నీకు తెల్వది పెద్దవ్వా. నువ్వు అమాయకురాలివి.” ఆకాశ్ ఫోన్ చూపించాడు. “మనోళ్ల ఫోన్ గ్రూపుల పెట్టిన. మద్నూర్ దాక పోయింది. సాయంత్రం ఎల్లారెడ్డికి మేం సుత వస్తం. ఇయ్యాల నిన్ను ఒక్క మాట అననియ్యం.”

“వద్దురా ఆకాశ్!” బాలరాజు అడ్డుపడ్డాడు. “ఇది మా ఇంటి ముచ్చట.”

“ఇంటి ముచ్చట ఎట్లయితదన్నా?” ఆకాశ్ నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, ఉత్సాహం ఉంది. భూదవ్వకు భయం వేసింది అందుకే.

బండ్లు వెళ్లిపోయాయి. షాహెదా లేచి బుర్ఖా దులుపుకుంది.

“చూసినవా అక్కా? ఇప్పుడు నువ్వు నిజం చెప్తే ఒక్క పెండ్లి కాదు, ఎల్లారెడ్డి అంటుకుంటది.”

* * *

షాహెదా వెళ్లాక, బాలరాజు తీసుకొచ్చిన ఆటోలో తల్లీకొడుకులు ఎల్లారెడ్డి బయలుదేరారు. దారి పొడుగునా మక్కచేన్లు. భూదవ్వ వాటిని చూడలేదు. అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. తంబాకు మరక వేళ్లలోకి ఏనాడో ఇంకిపోయింది. దాని మీద మొన్నటి పసుపు ఇంకా వదలలేదు.

భర్త పోయి లింగంపేటకు రాకముందు ఎల్లారెడ్డిలో రెండిళ్లకూ ఒకటే గోడ ఉండేది. మధ్యాహ్నాలు తానూ జైతూన్‌బీ ఎదురెదురుగా చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. చేతులు ఆడుతుంటే జైతూన్‌బీ కథ చెప్పేది.

ఎక్కడో అరబ్బు దేశంలో మక్కా అనే ఊరు. అక్కడ తండ్రిని చూడకుండానే పుట్టిన ఒక పిల్లవాడు. తండ్రి లేని యతీము పిల్లవాణ్ణి సాకితే ఏమొస్తుందని పాలిచ్చే ఆడవాళ్లంతా వదిలిపెట్టి పోతే, హలీమా అనే పేదరాలు మాత్రం ఎత్తుకుపోయింది. ఎండిన రొమ్ములో పాలు దిగాయి. బక్కచిక్కిన ఒంటె పొదుగు నిండింది. ఆ పిల్లవాడే పెద్దవాడై, కొండగుహలో ఒంటరిగా కూర్చుని ఉండగా దేవదూత వచ్చి ‘చదువు’ అన్నాడు. అక్షరం రాని మనిషి. వణుకుతూ ఇంటికి వచ్చి దుప్పటి కప్పమని భార్యను అడిగాడు.

“దేవదూతను చూసి సుత భయమేనా?” అని భూదవ్వ నవ్వేది.

“నిజం మీద పడితే ఎవరికైన భయమే భూదవ్వా.”

ఆయన తెచ్చిన మాట ఒకటేనట. దేవుడు ఒక్కడే. ఆయన పుట్టలేదు, ఎవరినీ కనలేదు, ఆయనకు రూపం లేదు, సాటి లేదు. ఆ మాట ఒప్పుకోవడమే కలిమా. మిగతావి దాని వెనక వస్తాయి. అయిదు పూటల నమాజు, రంజాన్ ఉపవాసాలు, ఉన్నదాంట్లోంచి పేదలకు జకాత్, శక్తి ఉంటే బతుకులో ఒక్కసారి హజ్.

“రూపం లేకుంటే ఎట్ల చూసి మొక్కుతరు?” అని భూదవ్వ ఒకసారి అడిగింది.

“మనం చూసుడు ఏందే? ఆయన చూస్తడు గద మనల్ని. గంతే.”

చివరికి ఒక దినం వస్తుందని కూడా చెప్పేది జైతూన్‌బీ. చచ్చినవాళ్లంతా లేచే దినం. ఆ రోజు నోటికి ముద్ర వేస్తారు. నోరు అబద్ధమాడుతుంది కాబట్టి దాన్ని అడగరు. చేతులు మాట్లాడతాయి.

భూదవ్వ చేతులు కొంగులో దాచుకుంది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత హలీమా తన దగ్గరికి వస్తే, ఆ పెద్దమనిషి తన పైబట్ట తీసి నేల మీద పరిచి కూర్చోమన్నాడట. ఆ కథ చెప్పిన నాటి నుంచి జైతూన్‌బీకి అదొక అలవాటైంది. భూదవ్వ ఎప్పుడొచ్చినా భుజం మీది ఊదారంగు శాలువా కొంగు పరిచి, “రా హలీమా, కూసో” అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

* * *

ఇవాళ శాలువా పరవలేదు.

జైతూన్‌బీ మంచం మీద శాలువా చుట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. సలాం చెప్పినా తల తిప్పలేదు. తస్బీ మాత్రం తిరుగుతోంది. షామియానా కోసం తెచ్చిన గుంజలు వాకిట్లో పడి ఉన్నాయి. పాతాలో తీసేయాలో చెప్పేవాళ్లు లేక పనివాళ్లు బయట అరుగు మీద కూర్చున్నారు.

“రుఖియా పిలుస్తుంది,” అంది షాహెదా. లోపలి గది గుమ్మం దాకా వచ్చి, అక్కడే నిలబడింది.

రుఖియా పసుపు బట్టల్లో చాప మీద కూర్చుని ఉంది. ముఖం మీదికి ఓణీ దించుకుంది. భూదవ్వ కూర్చోగానే ఓణీ పైకి తీసింది. ఏడ్చిన ముఖం కాదు అది. ఏడుపును దాచిపెట్టుకున్న ముఖం.

“అవ్వా, తిన్నవా?”

“తిన్న బిడ్డా.” తినలేదు.

“యూనుస్‌ను చిన్నప్పుడు అన్నలెక్క భాయీజాన్ అని పిలుస్తుంటి, యాదున్నదా? మాట ఖాయమైన రోజు దాదీ ఆ పిలుపు మాన్పించింది. ఎదురుగ రావద్దన్నది, పరదా పెట్టించింది. కొత్తల నాకు నవ్వొచ్చేది. ఎనకసిరి మంచిగనే అనిపించింది.” ఆగింది. “ఇష్టమైండు అవ్వా.”

భూదవ్వ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

“ఇమాంసాబ్‌కు నువ్వు ఏమన్న చెప్పుకో. నాకు మాత్రం నిజం చెప్పు. నిజమైతే ఏడుస్త. ఎప్పటికో అప్పటికి ఊకుంట. అబద్ధం చెప్పి కట్టబెడితే మాత్రం, ఆయన పక్కన కూసున్నప్పుడల్లా…” రుఖియా ఆ మాట పూర్తి చేయలేదు. “ఆ దినం యూనుస్‌కు నువ్వు పాలిచ్చినవా?”

గుమ్మంలోంచి షాహెదా ఒక అడుగు ముందుకు వేసింది.

సీసాపాలు బిడ్డా. అనాల్సింది ఆ ఒక్క మాటే. దారంతా లోలోపల అనుకుంటూ వచ్చిన మాట. భూదవ్వ నోరు తెరిచింది. రుఖియా కళ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి. నెల పిల్లగా ఉన్నప్పుడు పాలు తాగుతూ కూడా అట్లాగే చూసేది, రెప్ప వేయకుండా.

నోరు మళ్లీ మూసుకుంది.

రుఖియా ఆ ముఖంలోనే జవాబు చదువుకుంది. ఓణీ దించుకుంది.

* * *

హాలు మధ్య పరదా కట్టారు. అవతల ఇమాంసాబ్, బుర్హాన్, యూనుస్, ఇద్దరు పెద్దమనుషులు. తలుపు దగ్గర స్టూలు మీద బాలరాజు. ఇవతల ఆడవాళ్లు. పరదాకు దగ్గరగా భూదవ్వను కూర్చోబెట్టారు. జైతూన్‌బీ మంచాన్ని కూడా అక్కడికే జరిపారు.

ఇమాంసాబ్ బోధన్ వైపు మనిషి. తెలుగు నెమ్మదిగా, ఒక్కో మాట ఏరి మాట్లాడతాడు.

“అమ్మా, భయపడకు. నీ మీద నేరం ఏం లేదు. పాలిచ్చినవంటే నీకు మా మతంల తల్లి హోదా ఉన్నది. ఒక ముచ్చట చెప్త, ఇను. మా ప్రవక్త నబీసాబ్ కాలంల ఒకాయన పెండ్లి చేసుకున్నడు. ఒక బాంది, అంటే దాసి, వచ్చి, మీ ఇద్దరికి నేను పాలిచ్చిన అన్నది. అటు చుట్టాలు, ఇటు చుట్టాలు, మాకు తెల్వదన్నరు. ఆయన మక్కా నుంచి గుర్రం ఎక్కి మదీనాకు పోయి అడిగిండు. ఆమె అబద్ధం చెప్తుందేమో అన్నడు. నబీసాబ్ ఏమన్నరో తెలుసా? మాట బయటికి వచ్చినంక ఇంకెట్ల కలిసి ఉంటవు అన్నరు. ఆయన ఆ పిల్లను ఇడిచిపెట్టిండు.”

అవతల ఎవరో దగ్గారు.

“ఒక్క ఆడమనిషి మాట మీద పెండ్లి ఆగాల్నా అని మా పెద్దలు రకరకాలుగ చెప్పిండ్రు. అది నేను చూసుకుంట. నువ్వు చెప్పాల్సింది ఒక్కటే. పిల్లగాడు యూనుస్‌కు నీ రొమ్ముపాలు ఇచ్చినవా, లేదా?”

భూదవ్వ పరదా వైపు చూసింది. గుడ్డ అంచు కింద యూనుస్ కాళ్లు కనిపిస్తున్నాయి. కాలి బొటనవేలు నేలను గీస్తోంది. చిన్నప్పుడు బాలరాజూ అతనూ ఒకే కుక్కి మంచంలో పడుకునేవాళ్లు.

వీధి చివర మోటార్ సైకిళ్ల చప్పుడు మొదలైంది.

“లేదు సాబ్,” అంది భూదవ్వ. “సీసాపాలు తాపిన. మొన్న… సంబురంల ఏదో అన్న.”

“దేవుని సాక్షిగా?”

“…దేవుని సాక్షిగ.”

చేతులు మళ్లీ కొంగులోకి పోయాయి. ఒకదాన్ని ఇంకోటి గట్టిగా పట్టుకుంది.

“మనిషి చెప్పింది నేనింటా. గుండెల ఉన్నది అల్లాకు తెలుసు,” అన్నాడు ఇమాంసాబ్. ఆ గొంతులో సంతోషం గానీ కోపం గానీ లేవు.

బుర్హాన్ లేచాడు. “షామియానా ఎయ్యుండ్రి!” అని బయటికి కేకేశాడు. ఇవతల షాహెదా భూదవ్వ భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరో షర్బత్ కలపమన్నారు. బాలరాజు ముఖంలోకి పొద్దటి నుంచి లేని రంగు వచ్చింది. జైతూన్‌బీ ఒక్కతే కదలలేదు.

లోపలి గదిలోంచి రుఖియా వచ్చింది. చేతిలో నీళ్ల గ్లాసు. మాంజాలో ఉన్న పిల్ల గది దాటి రాకూడదని ఎవరికీ వెంటనే గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి ఆమె పరదా దాకా వెళ్లింది.

“ఏయ్, ఎక్కడికే?” షాహెదా చెయ్యి చాపింది. అందలేదు.

రుఖియా తల మీద ఓణీ సర్దుకుంది. ముఖం మీదిది మాత్రం పైకి తీసేసింది. పరదా పక్కకు నెట్టి, పెళ్లికి ముందు తనను చూడకూడని మనిషి ఎదుట ముఖం దాచుకోకుండా నిలబడింది. ఇమాంసాబ్ చూపు దించుకున్నాడు. యూనుస్ లేచి నిలబడ్డాడు.

“మొన్నటిసంది ఏం తినలేదట,” అంది రుఖియా. గ్లాసు అతని ముందుకు చాపింది. “నీళ్లు తాగు, భాయీజాన్.”

వాకిట్లో గుంజ పాతుతున్న గడ్డపార చప్పుడు వినిపిస్తూనే ఉంది.

యూనుస్ గ్లాసు వైపు చెయ్యి చాపలేదు. ఆమెను దాటి, పరదా ఇవతల నేల మీద కూర్చున్న భూదవ్వ వైపు చూశాడు. ఆ చూపులో ప్రశ్న ఉంది. భూదవ్వ తల దించుకుంది.

మోటార్ సైకిళ్లు ఇంటి ముందే ఆగాయి, ఒకదాని వెనక ఒకటి. గడ్డపార చప్పుడు ఆగిపోయింది.

“పెద్దవ్వా!” ఆకాశ్ గొంతు. “బయటికి రా పెద్దవ్వా! ఏమన్నరు నిన్ను? ఒక్కసారి బయటికొచ్చి చెప్పు!”

బాలరాజు తలుపుకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. బుర్హాన్ పరదా తీసి అవతల పడేశాడు. అందరి కళ్లూ భూదవ్వ మీదే ఉన్నాయి. ఆమె లేవబోయింది.

అప్పుడు మంచం కిర్రుమంది. పొద్దటి నుంచి గోడ వైపు చూస్తున్న జైతూన్‌బీ మెల్లగా ఇటు తిరిగింది. భుజం మీది ఊదారంగు శాలువా తీసింది. రెండు చేతులతో దాని కొంగు నేల మీద, భూదవ్వ ముందర పరిచింది.

“కూసో హలీమా,” అంది. “కూసొని నిజం చెప్పు.”

బయట తలుపు మీద మొదటి దెబ్బ పడింది.